స్టాంపుల ఆల్బమ్‌కు అయిదు లక్షలా? ఆన్‌లైన్ ధరల వెనక అసలు లెక్క

ఆన్‌లైన్‌లో ‘పాత స్టాంపులు’ అని వెతికితే బొమ్మల కంటే ముందు అంకెలు కళ్లబడతాయి. 5 పైసల రెఫ్యూజీ రిలీఫ్ స్టాంపు లక్ష రూపాయలు. ఎలిజబెత్ రాణి తల ఉన్న మామూలు బ్రిటిష్ స్టాంపు పాతిక వేలు. ఎవరిదో చిన్ననాటి ఆల్బమ్ అయిదు లక్షలు, పైగా ‘బేరాలు లేవు’ అని హెచ్చరిక. ఇంకాస్త కిందికి జరిపితే అదే రెఫ్యూజీ రిలీఫ్ స్టాంపు పది రూపాయలకు కనిపిస్తుంది. అటకమీంచి తాతగారి ఆల్బమ్ దించినవాళ్లకు ఇక్కడే తల తిరుగుతుంది. పదా, లక్షా?

దాదాపు ఎప్పుడూ పదే. మరి లక్ష అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది, ఏళ్ల తరబడి అక్కడే ఎందుకు ఉంటోంది అన్నది తెలిస్తే మన ఆల్బమ్‌కు సరైన ధర కట్టడం సగం వచ్చినట్టే.

ఆన్‌లైన్‌లో ధర చెప్పడానికి పైసా ఖర్చు లేదు. వీధిలో దుకాణం పెట్టుకున్నవాడు అమ్ముడుపోని సరుకును ఏడాదిపాటు అలమరాలో ఉంచితే ఆ అలమరాకు అద్దె కట్టాలి, అందులో ఇరుక్కున్న డబ్బుకు వడ్డీ పోతుంది. అందుకే తప్పు ధర చెప్పినవాడు ఆరు నెలల్లో దిగివస్తాడు. ఉచిత ప్రకటనల సైట్లలో ఆ బాధ లేదు. ఫోటో తీసి, నోటికొచ్చిన అంకె కొట్టి వదిలేయవచ్చు. ఎవరైనా కొంటే లాటరీ, కొనకపోతే పోయిందేమీ లేదు.

దీని మీద ఇంకో విషయం పనిచేస్తుంది. సరైన ధరకు పెట్టిన స్టాంపు రెండు మూడు రోజుల్లో అమ్ముడుపోయి పేజీలోంచి మాయమవుతుంది. లక్ష చెప్పింది అలాగే ఉండిపోతుంది. కొన్నేళ్లు గడిచేసరికి ఆ పేజీ నిండా మిగిలేవి ఎవరూ కొననివే. కొత్తగా అమ్మాలనుకున్నవాడు ధర తెలుసుకుందామని అదే పేజీ చూస్తాడు. పదిమంది లక్ష చెబుతుంటే లక్షే కాబోలు అనుకుని, న్యాయంగా ఉందామని తొంభై వేలకు పెడతాడు. ఆ తర్వాత వచ్చినవాడికి ఈ తొంభై వేలు ఇంకో సాక్ష్యం. ఒక్క అమ్మకం కూడా జరగకుండానే ‘మార్కెట్ రేటు’ తయారైపోతుంది.

ఇదంతా నల్లధనం చేతులు మార్చే ఎత్తని అనేవాళ్లున్నారు. అంత దూరం పోనక్కర్లేదు. ఉచిత ప్రకటన, మనిషి ఆశ, రెండూ ఉంటే చాలు.

అడిగిన ధర, పలికిన ధర

ఏ స్టాంపుకైనా చూడాల్సింది అమ్మకం జరిగిన ధర. మన దగ్గర ఎక్కువగా వాడే ఓఎల్ఎక్స్ లాంటి ప్రకటనల సైట్లలో సరుకు చివరికి ఎంతకు పోయిందో బయటికి తెలియదు. కాబట్టి ధరలు తెలుసుకోవడానికి అవి పనికిరావు. ఈబే పనికొస్తుంది. దాని భారతీయ సైటు 2018లో మూతపడింది కానీ అంతర్జాతీయ సైటు ఇక్కడి నుంచి కూడా తెరుచుకుంటుంది. స్టాంపు పేరుతో వెతికి, ఫిల్టర్లలో ‘సోల్డ్ ఐటమ్స్’ అన్నదాన్ని ఎంచుకోవాలి. గత మూడు నెలల్లో నిజంగా అమ్ముడైనవి మాత్రమే కనిపిస్తాయి. ఈ ఒక్క నొక్కుతో లక్షలన్నీ ఎగిరిపోయి పదులూ వందలూ మిగులుతాయి.

అక్కడా రెండు చోట్ల పొరపడతారు. ధర మీద అడ్డగీత ఉంటే కొన్నవాడు బేరమాడి అంతకంటే తక్కువకు తీసుకున్నాడని అర్థం. ఎంత తక్కువకో కనిపించదు. ఇక మిగతావన్నీ రెండు మూడు డాలర్లకు పోయి ఒకటి మాత్రం రెండు వేల డాలర్లకు పోయినట్టుంటే, ఆ ఒక్కదాన్ని పట్టుకుని లెక్క కట్టకూడదు. కొంటానని నొక్కి డబ్బు కట్టనివాళ్లు ఉంటారు. కనీసం ఎనిమిది పది అమ్మకాలు చూసి, అన్నిటికంటే ఎక్కువదాన్నీ తక్కువదాన్నీ తీసేసి, మధ్యలో ఏది ఎక్కువసార్లు పలికిందో చూడాలి. మీ స్టాంపు వాడినదైతే వాడిన వాటితోనే పోల్చాలి. కొత్తదాని ధరతో పోల్చుకోవడం సర్వసాధారణంగా జరిగే తప్పు.

పెద్ద స్టాంపులు, వాటి పోలికలు

1856 నాటి బ్రిటిష్ గయానా ఒక సెంటు మెజెంటా స్టాంపు 2014లో 94.8 లక్షల డాలర్లకూ, 2021లో 83 లక్షల డాలర్లకూ వేలంలో పోయింది. అది ప్రపంచంలో ఒక్కటే ఉంది. 1918లో అమెరికాలో విమానం బొమ్మ తలకిందులుగా అచ్చయిన 24 సెంట్ల స్టాంపులు వంద బయటికి వచ్చాయి. 2023లో వాటిలో ఒకటి దాదాపు 20 లక్షల డాలర్లు పలికింది. మన దేశం నుంచి ఇలాంటి వార్తల్లోకి ఎక్కేది 1948 గాంధీ పది రూపాయల స్టాంపు, అదీ ‘సర్వీస్’ అని పైముద్ర (అచ్చయిన స్టాంపు మీద మళ్లీ వేసే అక్షరాలు) వేసినది. గవర్నర్ జనరల్ కార్యాలయం వాడకానికి వందే ముద్రించారు. నాలుగు కలిసున్న వరస 2017లో 5 లక్షల పౌండ్లకు అమ్ముడైంది.

చిక్కు ఈ వార్తలతో కాదు, వీటిని పోలిన మామూలు స్టాంపులతో. 1948 ఆగస్టు 15న వచ్చిన గాంధీ సెట్‌లో నాలుగు స్టాంపులున్నాయి: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. స్విట్జర్లాండ్‌లోని కూర్వాజియే ముద్రణాలయంలో అచ్చయ్యాయి. వాడిన అణాన్నర గాంధీ చాలా పాత ఆల్బముల్లో ఉంటుంది, విలువ స్వల్పం. పై ముద్ర లేని పది రూపాయల స్టాంపు శుభ్రంగా ఉంటే వేలల్లో పలుకుతుంది, అందుకే దానికి నకిలీలు విపరీతం. అసలుది ఫోటోగ్రావ్యూర్ అచ్చు. పదింతల భూతద్దంలో గాంధీ ముఖం మీద రంగు ఎడం లేకుండా సన్నగా పరుచుకుని ఉంటుంది. ఆఫ్‌సెట్ నకిలీలో చుక్కలు విడివిడిగా, కరుకుగా కనిపిస్తాయి. చుట్టూ ఉండే పళ్లను కొలిచినా బయటపడుతుంది: రెండు సెంటీమీటర్ల పొడవులో 11½ పళ్లు రావాలి. ఇక దాని మీద ‘సర్వీస్’ ముద్ర కనిపిస్తే సంతోషించే ముందు అనుమానించాలి. మామూలు స్టాంపు మీద ముద్ర కొట్టడం దొంగకు పెద్ద పనేమీ కాదు.

విదేశీ స్టాంపుల్లోనూ ఇదే కథ. పాతికవేలు, లక్ష అని పెట్టే అమెరికన్ ఒక సెంటు ఫ్రాంక్లిన్ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో కోట్లకు కోట్లు అచ్చయినది. దాన్ని చూపించి 1868 నాటి ‘జడ్ గ్రిల్’ అంటారు. ఆ స్టాంపులు రెండే ఉన్నట్టు తెలుసు. గ్రిల్ అంటే కాగితం వెనక నొక్కిన చిన్న గళ్ల అచ్చు, బొమ్మలో కనిపించేది కాదు. బ్రిటన్ పాత ఎర్ర స్టాంపు పెన్నీ రెడ్‌లో 77వ ప్లేటు (అచ్చు పలక) నుంచి వచ్చినవి అపురూపం. స్టాంపు మీద ఉండే 177 ప్లేటు అంకెలో ముందున్న ఒకటిని గోకేసి 77గా మార్చినవీ తిరుగుతుంటాయి. ఎలిజబెత్ రాణి తల ఉన్న మాచిన్ వరస 1967లో మొదలై దశాబ్దాల పాటు బ్రిటన్ రోజువారీ తపాలాను మోసింది. రాణి 2022లో పోయాక వాటి మీద వేల పౌండ్ల ధరలు పుట్టుకొచ్చాయి తప్ప స్టాంపుల సంఖ్య ఒకటి కూడా తగ్గలేదు.

పాతదైతే ఖరీదైనదేనన్న నమ్మకానికి గట్టి జవాబు పెన్నీ బ్లాక్. 1840 మేలో వచ్చిన ప్రపంచపు మొదటి అంటించే తపాలా బిళ్ల. ఇంతకంటే పాతది ఉండదు. అయినా 6.8 కోట్ల దాకా అచ్చు వేశారు, లక్షల్లో మిగిలాయి, డబ్బుంటే ఏ రోజైనా కొనుక్కోవచ్చు. నాలుగు వైపులా అంచు నిండుగా ఉన్నదానికీ ఒక వైపు కత్తెర బొమ్మలోకి దిగినదానికీ ధరలో ఎన్నో రెట్లు తేడా. స్టాంపు ధరను వయసు నిర్ణయించదు. ఎన్ని మిగిలాయి, ఎంతమంది కావాలంటున్నారు, ఎలాంటి స్థితిలో ఉంది అన్న మూడే నిర్ణయిస్తాయి.

మన ఇళ్లలోని ఆల్బముల్లో ఏముంటుంది

తెలుగు ఇళ్లలో 1960 నుంచి 1990 దాకా పిల్లలు పెంచిన ఆల్బములు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఆ మూస తెలిస్తే ఆల్బమ్ తెరవకముందే సగం లెక్క కట్టవచ్చు.

ముందు పేజీల్లో అజ్మాన్, ఫుజైరా, షార్జా, ఉమ్ అల్ కువైన్. సీతాకోకచిలుకలు, రాకెట్లు, కార్లు, యూరప్ చిత్రకారుల బొమ్మలు. ఎంత అందంగా ఉంటాయో అంత చవక. 1960ల్లో, 1970ల మొదట్లో గల్ఫ్‌లోని చిన్న ఎమిరేట్లు తపాలా అవసరం కోసం కాకుండా, ప్రపంచవ్యాప్తంగా సేకరించే పిల్లలకు అమ్మడానికే వీటిని గుట్టలుగా అచ్చు వేయించాయి. ఆ తర్వాత హంగరీ, పోలండ్, బల్గేరియా, సోవియట్ రష్యా, మంగోలియా స్టాంపులు. వీటిలో చాలావాటికి ఒక మూల మాత్రమే చక్కగా ముద్ర పడి ఉంటుంది. వెనక్కి తిప్పితే జిగురు అలాగే ఉంటుంది. అంటే ఏ ఉత్తరం మీదా ప్రయాణించలేదు, అచ్చయిన చోటే ముద్ర కొట్టి ప్యాకెట్లలో నింపి అమ్మేశారు. సేకరించేవాళ్ల భాషలో సీటీఓ (క్యాన్సల్డ్ టు ఆర్డర్). వీటిని విడిగా ఒక్కొక్కటీ అమ్మాలని చూడటం వృథా శ్రమ.

భారతదేశపు పేజీల్లో రెఫ్యూజీ రిలీఫ్ తప్పకుండా ఉంటుంది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కాందిశీకుల సాయానికి ఆ ఏడాది నవంబరు 15 నుంచి ఉత్తరం మీద అదనంగా అయిదు పైసల స్టాంపు అంటించాలన్నారు. 1973 మార్చి 31 దాకా ఆ నిబంధన నడిచింది. మొదట అప్పటికే వాడుకలో ఉన్న అయిదు పైసల కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని పైముద్ర వేశారు. డిసెంబరు 1న ప్రత్యేకంగా కొత్త స్టాంపు వచ్చింది. దేశమంతా ఏడాదిన్నర పాటు ఉత్తరాల మీద అంటించిన స్టాంపు అరుదెలా అవుతుంది? అరుదైన రకాలూ లేకపోలేదు: నాసిక్ ముద్రణాలయం నుంచి సరుకు అందేలోపు కొన్ని నగరాల్లో స్థానికంగా ముద్ర వేసుకున్నవి. వాటి అక్షరాల తీరు వేరు. అవి విలువైనవి కావాలంటే ఆ ఊరి తేదీ ముద్రతో కవరు మీదే ఉండాలి. విడిగా ఉన్నదాన్ని నమ్మడం కష్టం, ఎందుకంటే రబ్బరు స్టాంపు చేయించడం ఎవరికైనా చేతనవును.

‘తప్పు అచ్చయిన బోధిసత్వుడు’ ఇంకొకటి. 1949 ఆగస్టు 15న వచ్చిన పురావస్తు వరసలో ఒక అణా బోధిసత్వుడి బొమ్మ కుడి ఎడమలు తారుమారై అచ్చయింది; 1950లో సరిచేశారు. ఇది నిజమే. కానీ ఆ తప్పు బొమ్మ పొరపాటున ఒకటి రెండు షీట్లలో దొర్లింది కాదు, దేశమంతా పోస్టాఫీసుల్లో అమ్మారు. వాడినది చవకగానే దొరుకుతుంది.

హైదరాబాద్ సంస్థానం స్టాంపుల దగ్గర మనవాళ్లకు ఆశ ఇంకాస్త ఎక్కువ. నిజాం అనగానే వజ్రాల పెట్టె గుర్తుకొస్తుంది కాబోలు. 1931 వరసలో ఒక అణా చార్మినార్, రెండు అణాల హైకోర్టు, 1937లో ఒక అణా ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1945లో యుద్ధ విజయం ఒక అణా: ఇవి సంస్థానంలో రోజూ వాడిన స్టాంపులు, ఇవాళ్టికీ పుష్కలంగా ఉన్నాయి. ఉర్దూలో ‘సర్కారీ’ అని పైముద్ర ఉన్నంత మాత్రాన అరుదనుకోకూడదు. కచేరీ ఉత్తరాలకు వాడినవి అవి. ఇలాంటివి విడిగా పది, ఇరవై రూపాయల సరుకు. వీటిలో ధర ఉండేది ఎక్కువ ముఖ విలువ గలవాటికీ, మొదటి రోజుల్లోవాటికీ, అన్నిటికంటే ముఖ్యంగా ఉత్తరం మీదే ఉండిపోయినవాటికీ. వరంగల్‌లోనో బీదర్‌లోనో ముద్ర పడి, చిరునామాతో సహా నిలిచిన కవరు, దాని మీది స్టాంపు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పాత కవర్ల నుంచి స్టాంపులు కత్తిరించి ఆల్బమ్‌లో పెట్టేసి, కవర్లు పొయ్యిలో వేసిన ఇళ్లు ఎన్నో. ఇప్పుడైనా కట్టల్లో ఉత్తరాలు దొరికితే కత్తెర ముట్టుకోవద్దు.

ఇక టంగుటూరి ప్రకాశం, వేమన, కందుకూరి వీరేశలింగం లాంటి స్మారక స్టాంపులు. మనకు ఎంతో దగ్గరివి, కానీ ఆ రోజుల్లో స్మారక స్టాంపులు లక్షల్లో అచ్చయ్యేవి. కొత్తవి శుభ్రంగా ఉంటే అయిదు, పది రూపాయలు. విడుదల రోజు ముద్రతో వచ్చే ఫస్ట్ డే కవర్లదీ అదే దారి. 1970, 80లలో ప్రతి విడుదలకూ కొని దాచినవాళ్లు వేలమంది, ఇప్పుడు వాళ్ల పిల్లలందరూ ఒకేసారి అమ్మకానికి పెడుతున్నారు. సరఫరా పెరిగింది, సేకరించే పిల్లలు తగ్గారు. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్నది స్టాంపుల బజారుకు అతికినట్టు సరిపోతుంది.

కేటలాగు చెప్పేది ఏమిటి

కేటలాగులో (స్టాంపుల వివరాలూ ధరలూ ఉండే పుస్తకంలో) నూట యాభై ఉంది, నేను వందే అడుగుతున్నాను కదా అని వాదించేవాళ్లు మంచి మనసుతోనే అంటారు. కానీ కేటలాగు ధర కొనేవాడు ఇవ్వాల్సిన ధర కాదు. బ్రిటిష్ కేటలాగుల్లో పెద్దదైన స్టాన్లీ గిబ్బన్స్ తన అంకెల గురించి తానే చెబుతుంది: మచ్చలేని స్థితిలో ఉన్న స్టాంపును తన దుకాణంలో అమ్మితే తీసుకునే చిల్లర ధర అది. పేజీలో అన్నిటికంటే చిన్న అంకె స్టాంపు విలువ కూడా కాదు. దాన్ని వెతికి, సరిచూసి, కవరులో పెట్టి ఇచ్చినందుకు కూలి. ఆ చిన్న అంకె పెన్స్‌లో ఉంటుంది కాబట్టి రూపాయల్లోకి మారిస్తే పది, పదిహేను అవుతుంది. వెయ్యి స్టాంపులకు అదే హెచ్చవేస్తే కాగితం మీద పదిహేను వేలు. చేతికి వచ్చేది వెయ్యి కూడా కాదు.

స్టాంపును ఫోటో తీస్తే ధర చెప్పే యాప్‌లు ఈ తప్పును ఇంకో మెట్టు ఎక్కించాయి. కెమెరాకు బొమ్మే కనిపిస్తుంది. 1957లో నయాపైసలతో వచ్చిన భారతదేశ పటం స్టాంపులు కాగితంలో నక్షత్రాల నీటిగుర్తు(వాటర్‌మార్క్)తో మొదలయ్యాయి. 1958 నుంచి అవే బొమ్మలు అశోక స్తంభం నీటిగుర్తు మీద వచ్చాయి. చూడటానికి ఒకటే, కేటలాగులో వేర్వేరు అంకెలు. యాప్ వీటిని విడదీయలేదు, తరచూ ఖరీదైన రకం పేరు చెప్పి ఊరిస్తుంది. వెలుతురుకు అడ్డంగానో, నల్లటి పళ్లెంలో బోర్లించో కంటితో చూడాల్సిందే.

ఒక స్టాంపును తిప్పి చూస్తే

అమ్మేవాళ్లు ముందు వైపే ఫోటో పెడతారు. కొనేవాళ్లు మొదట వెనక వైపు అడుగుతారు. ధర తేలేది అక్కడ.

మొన చదునుగా ఉన్న ట్వీజర్స్‌తో స్టాంపును ఎత్తి తిప్పాలి. వేళ్ల చెమట జిగురు మీద ముద్ర వేస్తుంది. వాడని స్టాంపు అయితే జిగురు నిగనిగలాడుతూ ఎక్కడా చెదరకుండా ఉండాలి. మధ్యలో పల్చటి కాగితం ముక్క గానీ, అది ఊడిన మరక గానీ ఉంటే హింజ్ (ఆల్బమ్‌లో స్టాంపును నిలపడానికి వాడే జిగురు కాగితం) పడిందని అర్థం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక విడుదలైన స్టాంపులకు హింజ్ మరక ఉంటే ధర సగానికీ, అంతకంటే కిందికీ పడుతుంది. తర్వాత వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి. ఒకచోట కాగితం పల్చబడి వెలుగు ఎక్కువగా వస్తే, కవరు నుంచి పీకినప్పుడు పొర ఊడిందన్నమాట. మూలల్లో పన్ను విరిగిందా, మడత ఉందా చూడాలి.

కోస్తా ఊళ్లలో అసలు శత్రువు తేమ. పళ్ల చుట్టూ గోధుమ రంగు చుక్కలు మొదలై మెల్లగా బొమ్మలోకి పాకుతాయి. ఈ మచ్చ పడిన మింట్ (వాడని) స్టాంపును ఎవరూ పూర్తి ధరకు తీసుకోరు; పైగా పక్కవాటికి అంటుతుందని వేరుగా పెట్టేస్తారు. తేమకు జిగురు కరిగి ఆల్బమ్ అట్టకో, ఎదురు పేజీకో స్టాంపులు అతుక్కుపోతే కంగారుపడి లాగకూడదు. వాడినవైతే ఆ కాగితాన్ని చుట్టూ కత్తిరించి గోరువెచ్చని నీళ్లలో పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచితే వాటంతటవే జారతాయి. పాత ఎరుపు, ఊదా రంగులు నీళ్లలో కారవచ్చు, వాటిని విడిగా వేయాలి. వాడనివి నీళ్లలో వేస్తే జిగురు పోయి, దాంతోపాటు విలువా పోతుంది. మైదా జిగురుతో, ఫెవికాల్‌తో అంటించినవీ, సెల్లో టేపు వేసినవీ, ‘బాగుంటుంది’ అని లామినేషన్ చేయించినవీ అమ్మకానికి పనికిరావు. లామినేషన్ చేసిన స్టాంపుకు ‘చక్కగా భద్రపరిచాం’ అని ధర పెంచే ప్రకటనలూ ఉన్నాయి!

అయిదు లక్షల ఆల్బమ్‌ను విప్పి లెక్కిస్తే

పన్నెండు వందల వస్తువులున్న ఆల్బమ్ ఒకటి ఊహించుకుందాం. అడుగుతున్నది అయిదు లక్షలు. 750 విదేశీవి, దాదాపు అన్నీ సీటీఓ లేదా మామూలు వాడకపువి: ఒక్కోటి అర్ధ రూపాయి వేసుకున్నా 375. వాడిన భారతీయ స్టాంపులు 300, రూపాయి చొప్పున 300. వాడని స్మారక స్టాంపులు 80; సగం శుభ్రంగా ఉన్నాయి, ఎనిమిది రూపాయల చొప్పున 320; మచ్చ పడిన మిగతా 40కి 40. ఫస్ట్ డే కవర్లు 25, పదిహేను చొప్పున 375. విక్టోరియా, జార్జి రాజుల తలలున్న బ్రిటిష్ ఇండియా చిన్న విలువలు 15, అన్నీ కలిపి 75. నిజాం స్టాంపులు 30. అందులో 27 రోజువారీవి, పది చొప్పున 270. మొత్తం 1,755 రూపాయలు. ఇది చిల్లరగా ఒక్కొక్కటీ అమ్ముడుపోతే వచ్చేది.

మిగిలిన మూడు నిజాం స్టాంపులు ఏమిటో నిలకడగా చూడాలి. పాత ఆల్బముల్లో జరిగేది ఇదే: డబ్బంతా మూడు నాలుగింటిలో ఉంటుంది, లేదా ఎక్కడా ఉండదు. ‘పన్నెండు వందల స్టాంపులు’ అన్న లెక్కకు అర్థం లేదు. కొనేవాడి కళ్లు వెళ్లేది ఆ మూడింటి మీదికే. ఆన్‌లైన్‌లో అట్ట ఫోటో ఒకటి, దూరం నుంచి తీసిన పేజీ ఒకటి పెట్టి లక్షలు అడిగితే ఆ మూడూ వాళ్లకు కనిపించవు. మంచి స్టాంపులున్న ఆల్బమ్ కూడా అమ్ముడుపోకుండా ఉండిపోయేది ఇందుకే.

డీలర్ దగ్గరికి తీసుకెళితే ఇదే ఆల్బమ్‌కు ఆరేడు వందలు ఇస్తానంటాడు, మనకు మోసమనిపిస్తుంది. పన్నెండు వందల స్టాంపులు ఒక్కోటి ఇరవై సెకన్లు చూసినా ఆరు గంటల నలభై నిమిషాల పని. తర్వాత వాటిని వేరుచేసి, కవర్లలో పెట్టి, కొనేవాళ్లు వచ్చేదాకా నెలలు ఆగాలి. సగం ఎప్పటికీ అమ్ముడుపోవు. కాకి పిల్ల కాకికి ముద్దు కావచ్చు, డీలర్‌కు అది సరుకు. నాన్నగారు ముప్పై ఏళ్లు పడ్డ శ్రమకు వెల కట్టమంటే ఏ బజారూ కట్టలేదు.

అమ్మదలిస్తే

ముందు కవర్లనూ ఉత్తరాలనూ పక్కకు తీయాలి, ఏదీ విప్పకుండా, కత్తిరించకుండా. తర్వాత దేశాల వారీగా కాక విలువ ఉండే అవకాశం వారీగా వేరుచేయాలి: 1947కు ముందువి ఒక కుప్ప, 1947–60 మధ్య వాడని భారతీయ స్టాంపులు ఒక కుప్ప, ఎక్కువ ముఖ విలువ ఉన్నవి ఒకటి, మిగతావన్నీ ఒకటి. పని మొదటి మూడు కుప్పలతోనే. వాటిలో ప్రతిదానికీ అమ్ముడైన ధర వెతికి, స్థితిని బట్టి తగ్గించుకుని, అందులో ఎనభై శాతానికి పెడితే వారాల్లో పోతుంది. నాలుగో కుప్పను విడదీయకుండా ఒకే లాటుగా, లేదా దేశానికో లాటుగా తక్కువ ధరకు వేలంలో పెట్టడం మేలు.

ప్రకటనలో దేశం, సంవత్సరం, ముఖ విలువ, వాడినదా కాదా, లోపం ఉంటే ఆ లోపం రాయాలి. ‘అపురూపం’, ‘కోహినూర్’ లాంటి మాటలు చూసి తెలిసినవాళ్లు పేజీ మారుస్తారు. ముందువైపు, వెనకవైపు, పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయాలి. ఏదైనా స్టాంపు నిజంగా లక్ష దాటేదని అనిపిస్తే దాన్ని ప్రకటనల సైటులో పెట్టనేకూడదు. 1869లో ఏర్పడిన లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ లాంటి సంస్థలు రుసుము తీసుకుని అసలో నకిలీయో పత్రం ఇస్తాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు పెన్సిల్వేనియాలోని అమెరికన్ ఫిలాటెలిక్ సొసైటీ ఉంది. పత్రం చేతిలో ఉంటేనే వేలం సంస్థలు పెద్ద ధర గురించి మాట్లాడతాయి. అంత అనుమానం లేని మామూలు సరుకుకు పత్రం తీసుకుంటే రుసుమే స్టాంపు ధరను మింగేస్తుంది. ఊరికే ఒక అభిప్రాయం కావాలంటే హైదరాబాద్ అబిడ్స్ జీపీఓలోని ఫిలాటెలిక్ బ్యూరోకు వచ్చిపోయే పాత సేకర్తలను అడగవచ్చు, రాష్ట్రస్థాయి ప్రదర్శనల్లో డీలర్ల స్టాళ్ల దగ్గర రెండు మూడు చోట్ల చూపించవచ్చు. ఒకరి మాట మీదే ఇచ్చేయవద్దు.

అమ్మకానికి పెట్టిన గంటలోపే ‘అడిగినంతా ఇస్తాం’ అని ఫోన్ వస్తే అది కొనేవాడి ఫోన్ కాదు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, జీఎస్టీ కట్టండి, తర్వాత లక్షలు పంపుతాం అంటారు. పాత నోట్లు, నాణేల పేరుతో ఇదే ఎత్తు వేస్తూ తన పేరు వాడుకుంటున్నారని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. ఇంకో రకం వాళ్లు క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందంటారు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. నిజంగా కొనేవాడు మొదట వెనకవైపు ఫోటో అడుగుతాడు, పళ్ల కొలత అడుగుతాడు, ఆ తర్వాత బేరమాడతాడు. బేరం కుదిరాక స్టాంపులను గ్లాసీన్ (నున్నటి పల్చటి కాగితం) కవరులో పెట్టి, రెండు గట్టి అట్టల మధ్య ఉంచి, అట్టల అంచులకు మాత్రమే టేపు వేసి, ట్రాకింగ్ ఉండే స్పీడ్ పోస్టులో పంపాలి. కవరు అంటించే ముందు లోపల పెట్టినవన్నీ ఒకసారి ఫోటో తీసి ఉంచుకోవాలి.